పాత ఫైబర్ బోటు మరమ్మతు: పగులు పట్టుకోవడం నుంచి మళ్లీ నీళ్లలో దింపేదాకా

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట బందు. ఆ 61 రోజులూ బోటు ఒడ్డునే ఉంటుంది కాబట్టి మరమ్మతులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. ఫైబర్ పనికి పొడి వాతావరణం కావాల్సిందే, అయితే ఆ రెండు నెలల ఎండ, గాజుపీచును అతికించే జిగురు ద్రవమైన రెజిన్‌ను డబ్బాలోనే గట్టిపరిచేస్తుంది కూడా. అందుకే కింది కొలతలన్నీ 30 నుంచి 38 డిగ్రీల వేడిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. బోటు విషయానికొస్తే, ఇసుక మీదికి ఈడ్చే 26 నుంచి 30 అడుగుల పాలిస్టర్ ఫైబర్ బోటు, అడుగుభాగం మందం 6 నుంచి 8 మి.మీ. ఉన్నది అనుకుందాం. రొయ్యల చెరువుల్లో మేత వేసే చిన్న బోటు మందం 3, 4 మి.మీ. ఉంటుంది. పద్ధతి అదే, పొరలు తక్కువ.

ఒక సంగతి మొదటే అర్థమైతే మిగతా పనంతా దాన్నిబట్టి సాగుతుంది. ఏళ్ల కిందట గట్టిపడిన ఫైబర్‌లో కొత్త ఫైబర్ కరిగి కలిసిపోదు. గరుకుగా, పొడిగా, జిడ్డు లేకుండా ఉన్న ఉపరితలాన్ని పట్టుకుని ఉంటుంది, అంతే. అతుకు ఊడిపోయిందంటే పొరలు తక్కువ వేశారనుకోవడం మామూలు. తీసి చూస్తే కొత్త పొర చెక్కుచెదరకుండా పలకలా ఊడొస్తుంది, కింద పాత పెయింటో డీజిల్ జిడ్డో మెరుస్తూ ఉంటుంది. కాబట్టి మూడు వంతుల కష్టం గ్రైండింగ్ మీదే పెట్టండి, రెజిన్ పని ఒక వంతే.

ముందు తట్టి చూడాలి

బోటును టైర్ల మీద గానీ ఇసుక బస్తాల మీద గానీ కనీసం మూడు చోట్ల ఆనేలా నిలపండి. రెండు చోట్లే ఆనితే అడుగు కుంగుతుంది, కుంగినప్పుడు వేసిన అతుకు ఆ వంకరలోనే గట్టిపడిపోతుంది. అడుగు పని ఎక్కువుంటే మనుషుల్ని పెట్టి బోల్తా వేయించడమే మేలు. తలకిందులుగా పైకి చూస్తూ మ్యాట్ (గాజుపీచు పరుపు) అంటించడం అలవాటున్న చేతులకే కష్టం.

స్క్రూడ్రైవర్ పిడితోనో రూపాయి బిళ్లతోనో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లండి. మంచి ఫైబర్ 'టక్' మని పదునుగా పలుకుతుంది. పొరలు విడిపోయిన చోట, లోపల చెక్క కుళ్లిన చోట పగిలిన మట్టికుండను తట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది. ఆ హద్దును సుద్దతో గీయండి. కంటికి కనిపించే పగులుకన్నా సుద్ద గీత రెట్టింపు ఉండడం వింతేమీ కాదు.

పగుళ్ల ఆకారం కారణం చెబుతుంది. సాలెగూడులా చుట్టూ పాకితే ఒకచోట దెబ్బ తగిలింది. లోపలి అడ్డదూలం పక్కనే దాని వెంబడి సూటిగా గీత పోతే అక్కడ అడుగు ఊగుతోంది, దూలం ఊగడం లేదు. ఇలాంటి చోట పైన ఎన్ని పొరలు వేసినా మరుసటి ఏడాది అదే గీత మళ్లీ వస్తుంది. లోపల దూలం మొదట్లో ఉన్న నిటారు మూలను పుట్టీతో (పొడి కలిపి చిక్కపరిచిన రెజిన్) గుండ్రం చేసి, రెండు వైపులా 10 సెం.మీ. పాకేలా మ్యాట్ వేస్తేనే బరువు పంచుకుంటుంది. ఫైబర్ మీది గట్టి పైపూత అయిన జెల్‌కోట్‌లో మాత్రమే ఉన్న వెంట్రుకవాసి గీతలను గ్రైండర్‌తో కొద్దిగా తీసి చూడండి. కింద మ్యాట్ తెల్లబడకపోతే అది పైపూత పనే.

రేవులో ఎప్పుడూ నీళ్లలోనే కట్టేసి ఉంచే బోట్లకు అడుగున బొబ్బలు వస్తాయి. గుచ్చితే వెనిగర్ వాసన వచ్చే నీరు కారుతుంది, కొన్నిసార్లు చిమ్ముతుంది కూడా, కళ్లద్దాలు తప్పనిసరి. రోజూ ఒడ్డుకెక్కే బోట్లకు ఈ బాధ తక్కువ.

కడగడం, ఆరబెట్టడం

ఇక్కడ తొందరపడిన వాళ్లే ఎక్కువ. గుల్లలు గీకేసి బోటు లోపలా బయటా మంచినీళ్లతో కనీసం రెండు మూడుసార్లు, రోజు విడిచి రోజు కడగండి. ఉప్పు మిగిలితే అది గాలిలో తేమను లాగుతూనే ఉంటుంది, బోటు పైకి ఆరినట్టున్నా పగులు లోపల తడి పోదు. ఇంజిన్ ఉన్న అరలో డీజిల్, ఆయిల్ మరకలను సబ్బుపొడి నీళ్లతో రుద్ది కడిగాక, ఆరనిచ్చి అసిటోన్ (జిడ్డు తీసే ద్రావకం) గుడ్డతో తుడవండి. గుడ్డను ఒకే వైపు లాగాలి, వెంటనే రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి. ఇదంతా గ్రైండింగ్‌కు ముందు. జిడ్డు మీద గ్రైండర్ పెడితే అది పోదు సరికదా, వేడికి కరిగి గీతల్లోకి దిగిపోతుంది.

పాడైన చోటు తెరిచి కనీసం పది రోజులు ఆరనివ్వండి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న పల్చని పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయండి. లోపలి వైపు చెమట పట్టిందా, ఇంకా ఆగాలి.

సామాను

రెజిన్: దుకాణాల్లో మామూలుగా ఇచ్చేది ఆర్థో పాలిస్టర్. నీటి కింద పనికి ఐసోథాలిక్ పాలిస్టర్ అడిగి తీసుకోండి. ధర కొంచెం ఎక్కువైనా నీటికి బాగా ఆగుతుంది. కర్రపుల్లతో ఎత్తి చూస్తే తీగలు సాగుతున్నా, గడ్డలు కనిపించినా ఆ డబ్బా పాతది, వద్దు.

ఎపాక్సీ: పాత ఫైబర్‌నూ చెక్కనూ పాలిస్టర్‌కన్నా గట్టిగా పట్టుకుంటుంది. మోటారు బిగించే వెనక పలకలోని చెక్కకూ, ఎంత కడిగినా జిడ్డు అనుమానం తీరని చోటికీ ఇది నయం. కాకపోతే మామూలు తరిగిన మ్యాట్‌ను ఎపాక్సీతో వాడకూడదు. ఆ మ్యాట్ పీచులను కట్టిఉంచే బంకను కరిగించేది పాలిస్టర్‌లోని స్టైరీన్. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ మెత్తబడదు, వంపులకు ఒదగదు. ఎపాక్సీకి నేసిన గుడ్డే వాడాలి. ఎపాక్సీ మీద పాలిస్టర్ జెల్‌కోట్ కూడా సరిగ్గా గట్టిపడదు, దాని మీద పెయింటే వేయాలి.

గాజుపీచు: 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) మ్యాట్, 300 జీఎస్ఎం మ్యాట్, 600 జీఎస్ఎం నేసిన రోవింగ్ (మందపాటి గాజుపీచు గుడ్డ). 450 మ్యాట్ ఒక పొర గట్టిపడ్డాక సుమారు 1 మి.మీ., 600 రోవింగ్ పొర సుమారు ముప్పావు మి.మీ. మందం ఇస్తుంది. ఒక చదరపు మీటరు 450 మ్యాట్‌కు ఒక కిలో రెజిన్ అని గుర్తు పెట్టుకుంటే చాలు, రోవింగ్‌కు దాని బరువుకు సమానంగా రెజిన్ పడుతుంది. తడిసిన మ్యాట్ చేతికి చిరిగిపోతుంది, కాబట్టి ముక్కలన్నీ ముందే కత్తిరించి వరుసలో పేర్చుకోండి.

ఇవి కాక నాలుగంగుళాల గ్రైండర్, 36 నంబరు డిస్కులు అరడజను, 80 నంబరు ఎమరీ, పళ్ల రోలర్ ఒకటి, రెండంగుళాల బ్రష్‌లు, గ్రాములు చూపే తూకం, సూది లేని సిరంజి, అసిటోన్ రెండు లీటర్లు. పుట్టీ చిక్కదనానికి ఎయిరోసిల్ అనే మెత్తటి సిలికా పొడి. సుద్దపొడి చవకే గానీ నీటి కింద పనికిరాదు, తేమ పీలుస్తుంది. కారు డెంట్లకు వాడే పుట్టీ సంగతీ అంతే.

రెజిన్ కలపడం

గట్టిపడడానికి రెండు రసాయనాలు కావాలి: కోబాల్ట్ యాక్సిలరేటర్, ఎంఈకేపీ క్యాటలిస్ట్. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు, భగ్గుమని మండవచ్చు, పేలవచ్చు. ఒకే సిరంజి, ఒకే కొలగ్లాసు రెండింటికీ వాడినా ప్రమాదమే. కోబాల్ట్ కలిపే ఇచ్చారా అని దుకాణంలో అడగండి. రెజిన్‌కు గులాబీ ఛాయ ఉంటే చాలావరకు కలిపినట్టే, అయినా అడగాల్సిందే. కలపనిదైతే డ్రమ్ము మీద రాసిన మోతాదులో కోబాల్ట్ ముందు వేసి, రంగు అంతటా సమమయ్యేదాకా కలిపి, ఆ తర్వాతే క్యాటలిస్ట్ వేయాలి.

క్యాటలిస్ట్ మోతాదు రెజిన్ బరువులో నూటికి 1 నుంచి 2. మన వేసవికి 1 చాలు, అంటే కిలోకు 10 గ్రాములు, సిరంజిలో సుమారు 9 మి.లీ. పని మొదలుపెట్టే రోజు 100 గ్రాముల రెజిన్‌లో 1 గ్రాము వేసి, గడియారం చూస్తూ జెల్లీలా మారడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పావుగంటలోపే మారితే క్యాటలిస్ట్ తగ్గించవద్దు, కలిపే పరిమాణం తగ్గించండి. ఒకేసారి అరకిలో మించకుండా వెడల్పాటి పళ్లెంలో కలుపుకుంటే వేడి పోగుపడదు. మోతాదు మరీ తగ్గిస్తే ఆ పొర ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు, తర్వాత ఎండలో పెట్టినా లాభం లేదు. ఎపాక్సీ వ్యవహారం వేరు. దాని హార్డ్‌నర్ నిష్పత్తి డబ్బా మీద ఎంతుంటే అంతే, ఎక్కువ వేస్తే త్వరగా ఆరదు సరికదా మెత్తగా మిగిలిపోతుంది.

ఉదయం మంచు ఆరాక 7 నుంచి 10 లోపు పని ముగించడం మంచిది. ఎండలో కాలిన అడుగు మీద రెజిన్ పూస్తే తడవకముందే గట్టిపడుతుంది. పరదా కట్టి నీడ చేయండి. వర్షం ముందు ఉక్కగా, గోడలు చెమర్చినట్టు ఉన్నప్పుడు పని ఆపేయాలి.

క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి, పక్కనే బకెట్ నీళ్లు ఉండాలి. పడితే క్షణం ఆలస్యం చేయకుండా కనీసం 15 నిమిషాలు నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. రెజిన్ ఆవిరికి కార్బన్ కార్ట్రిడ్జ్ మాస్కు, గ్రైండింగ్ దుమ్ముకు ఎన్95. గుడ్డమాస్కు రెండింటికీ దండగ. మిగిలిన రెజిన్ డబ్బాలోనే పొగలు కక్కేంత వేడెక్కుతుంది, కాబట్టి ఇంటికీ వలలకూ దూరంగా ఇసుక మీద వదిలేయండి. అసిటోన్ ఉన్నచోట బీడీ కాల్చవద్దు. దురద పెట్టే పీచు పోవాలంటే ముందు చన్నీళ్లు పోసుకోవాలి.

అడుగు చిల్లు పూడ్చడం

30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు చిల్లు, మందం 6 మి.మీ. అనుకుందాం. విరిగిన పీచు, తెల్లబడిన భాగం, మొద్దుగా పలికిన భాగం మొత్తం కోసేయాలి. చిల్లు పెద్దదవుతోందని భయపడి పాడైన అంచు వదిలేస్తే అతుకుకు పట్టు ఉండదు. నాలుగు పలకల మూలలు ఉంచొద్దు, గుండ్రంగా కోయండి. పదును మూల నుంచే కొత్త పగులు మొదలవుతుంది.

ఇప్పుడు అంచును వాలుగా గ్రైండ్ చేయాలి. మందానికి 12 రెట్లు వాలు, అంటే 6 మి.మీ. మందానికి చుట్టూ 72 మి.మీ. చిల్లు ఇప్పుడు పైన సుమారు 45 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు పళ్లెంలా కనిపిస్తుంది. ఇంత వాలు ఎందుకంటే, కొత్త ఫైబర్ పట్టుకునే వైశాల్యం అక్కడే దొరుకుతుంది. నిటారు అంచుకు మూత పెట్టినట్టు అతికిస్తే 6 మి.మీ. గోడే పట్టు. వాలు చుట్టూ ఇంకో 5 సెం.మీ. పెయింటూ జెల్‌కోట్ తీసేసి 80 ఎమరీతో గరుకు చేయండి. దుమ్మును బ్రష్‌తో, వాక్యూమ్‌తో తీయండి. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, చాలా కంప్రెసర్లు గాలితోపాటు నూనె తుంపర వదులుతాయి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు, అదే రోజు పొరలు వేసేయాలి.

లోపలి వైపు నుంచి చిల్లుకు దన్ను కావాలి. సన్‌మైకా ముక్కకు నున్నటి వైపు బ్రౌన్ టేపు అంటించి, ఆ వైపు చిల్లుకు తగిలేలా లోపల నుంచి కర్రలతో అదిమి పెడితే బోటు వంపుకు ఒదుగుతుంది, తర్వాత సులువుగా ఊడొస్తుంది.

పొరల వరుస ఇలా: 450 మ్యాట్, 600 రోవింగ్, 450 మ్యాట్, 600 రోవింగ్, 450 మ్యాట్, 450 మ్యాట్, చివర 300 మ్యాట్. సుమారు 6 మి.మీ. వస్తుంది. పాత ఫైబర్‌ను తాకేది ఎప్పుడూ మ్యాటే కావాలి, రోవింగ్ కాదు. రోవింగ్ నేతలో గుంటలుంటాయి, పాత ఉపరితలాన్ని చుక్కలు చుక్కలుగానే తాకుతుంది. మొదట పెద్ద ముక్కా, చిన్న ముక్కా అన్నది మేస్త్రీల మధ్య ఎప్పుడూ ఉండే వాదన. మేం పెద్దదే ముందు అంటాం. వాలు మొత్తాన్ని ఒకే తెగని పొర పట్టుకుంటుంది, తర్వాత పైన సమం చేసేటప్పుడు గ్రైండర్ ఆ పొరను కోయదు. చివరి 300 మ్యాట్ మాత్రం మళ్లీ అన్నింటినీ కప్పేంత పెద్దది.

ముందు వాలుకు రెజిన్ పూసి, మ్యాట్ పెట్టి, బ్రష్‌తో పొడుస్తూ తడపాలి, ఈడ్చకూడదు. తెల్లగా ఉన్న మ్యాట్ అద్దంలా పారదర్శకం అయ్యేదాకా పళ్ల రోలర్‌తో మధ్య నుంచి అంచులకు బుడగలు తరమండి. తెలుపు మిగిలితే అక్కడ రెజిన్ లేదు, లేదా తడి ఉంది. మూడు నాలుగు పొరలు వేశాక ఆపి, అవి వేడెక్కి చల్లబడ్డాక మిగతావి వేయండి. ఏడు పొరలూ ఒకే ఊపులో వేస్తే లోపలి వేడికి రెజిన్ గోధుమరంగుకు తిరిగి, ముడుచుకుని, అంచు పైకి లేస్తుంది. రెండో విడత 24 గంటల్లోపు అయితే రసాయనంగానే కలిసిపోతుంది, దాటితే మళ్లీ ఎమరీ కొట్టాలి. ఈ చిల్లు మొత్తానికి గాజుపీచు 400 గ్రాముల లోపు, రెజిన్ 700 గ్రాముల వరకు పడుతుంది. వృథాతో కలిపి కిలో దగ్గర పెట్టుకోండి.

మర్నాడు పైన జిగురుగా తగిలితే కంగారొద్దు. గోటితో గీయండి. పొర కింద గట్టిగా ఉంటే అది గాలి తగలడం వల్ల పైపై జిగురు, అసిటోన్‌తో తుడిచి ఎమరీ కొడితే పోతుంది. గోరు దిగితే క్యాటలిస్ట్ సరిగ్గా కలవలేదు. అది మొత్తం గీకేసి మళ్లీ వేయడం తప్ప దారి లేదు. మెత్తటిదాని మీద గట్టి పొర వేస్తే లోపలిది మెత్తగానే ఉండిపోతుంది.

కీల్ అరుగుదల

ఇసుక మీద రోజూ ఈడ్చే బోటుకు ముందు పోయేది కీల్ (బోటు అడుగున నిలువునా ఉండే వెన్ను) అడుగే. పీచు బయటపడి నీళ్లు లోపలి పుట్టీలోకో చెక్కలోకో దిగుతాయి. అరిగిన పొడవంతా గరుకు చేసి, 10, 15, 20 సెం.మీ. వెడల్పున 450 మ్యాట్ పట్టీలు కీల్‌ను చుట్టి పైకెక్కేలా వేయండి. అంచులు ఒకేచోట ఆగకుండా మెట్లు మెట్లుగా ఉండాలి. పదును అంచుల మీద మ్యాట్ నిలవదు, పైకి లేచి కింద బోలుగా ఉంటుంది, కాబట్టి ముందు గుండ్రం చేసుకోవాలి. వీటి మీద అరిగిపోవడానికే ఇంకో రెండు పొరలు వేరే రంగు కలిపి వేస్తే, ఆ రంగు మాయమైన రోజు మళ్లీ పని పెట్టాలని తెలుస్తుంది.

వెనక పలక

ఔట్‌బోర్డు మోటారు బిగించే వెనక పలకలో రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు చిల్లుల గుండా నీళ్లు దిగి అది కుళ్లుతుంది. మోటారు పైకెత్తి పట్టుకుని ఊపితే పలక కదులుతోందంటే అనుమానించండి. లోపలి వైపు కింది భాగంలో 5 మి.మీ. చిల్లు వేసి డ్రిల్ పొట్టు చూడండి. పొడిగా లేత రంగులో వస్తే మంచిది. నల్లగా తడిగా వస్తే మార్చాల్సిందే, చిల్లులు వేసి రెజిన్ పోస్తే కుళ్లిన తడి చెక్క దాన్ని పీల్చుకోదు.

లోపలి ఫైబర్‌ను అంచు నుంచి 5 సెం.మీ. వదిలి కోసి తీయండి, బయటి ఫైబర్‌ను తాకొద్దు. చెక్క మొత్తం ఉలితో తీసి, ఆరబెట్టి, గ్రైండ్ చేయండి. కొత్తదానికి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 18 మి.మీ. ముక్కలు రెండు. ఐఎస్ 303 ముద్ర ఉన్నది ఇంటి కబోర్డులకు, ఇక్కడికి కాదు. ముక్కల అంచులకు ఎపాక్సీ రెండుసార్లు పీల్చినంతా పట్టించండి, నీళ్లు చొచ్చేది అంచుల నుంచే. ఎయిరోసిల్‌తో చిక్కపరిచిన ఎపాక్సీని పలక మొత్తానికి గాడుల కరణెతో పూసి అదిమి, బోల్టులతో బిగించండి. చుట్టూ అంచుల్లో పుట్టీ బయటికి పొంగితేనే లోపల ఖాళీ లేదని అర్థం. మూలలను 20, 25 మి.మీ. గుండ్రంతో పుట్టీ నింపి, పైన నేసిన గుడ్డ మూడు పొరలు పక్కగోడల మీదికి 10 సెం.మీ. ఎక్కేలా వేయాలి.

మోటారు బోల్టులకు 12 మి.మీ. కావాలంటే ముందు 18 మి.మీ. చిల్లు వేసి, ఎపాక్సీ పుట్టీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో 12 మి.మీ. వేయండి. ఇక బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ.

తేలిక అరలు

బోటు ఎందుకో బరువెక్కిందనిపిస్తే ముందు ఫోమ్ అరలు చూడండి. నీళ్లు పీల్చిన ఫోమ్ ఆరదు, తీసేయాలి. థర్మోకోల్ పెట్టి పైన పాలిస్టర్ పొర వేస్తే స్టైరీన్‌కు అది కరిగి అర ఖాళీ అయిపోతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. పీయూ ఫోమ్ వాడండి. థర్మోకోలే దొరికితే మందపాటి పాలిథిన్‌లో చుట్టి పెట్టి, దాని మీద ప్లైవుడ్ మూత వేసి ఆ మూతకే ఫైబర్ వేయండి.

పైపూత

అతుకులు 80, 120, 220 ఎమరీలతో సమం చేశాక జెల్‌కోట్ గానీ పెయింట్ గానీ. జెల్‌కోట్ అర మి.మీ. మందం రావాలి, చదరపు మీటరుకు సుమారు 600 గ్రాములు. పల్చగా పూస్తే సరిగ్గా గట్టిపడక, మీద రెండో చెయ్యి (పూత) వేయగానే మొసలి చర్మంలా ముడతలు పడుతుంది. చివరి చెయ్యికి మైనం కలిపిన స్టైరీన్ ద్రావణం డబ్బా మీది మోతాదులో కలపాలి, ఆ మైనం పైకి తేలి గాలి తగలకుండా చేస్తుంది. మొదటి చేతిలో కలిపితే రెండోది పట్టుకోదు. పెయింట్ అయితే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్ మీద రెండు చేతులు పాలీయూరిథేన్. రోజూ ఒడ్డుకెక్కే బోటుకు గుల్లలు పట్టనివ్వని యాంటీఫౌలింగ్ పెయింట్ డబ్బు దండగ, ఇసుకే దాన్ని గీకేస్తుంది.

రిజిస్ట్రేషన్ నంబరును ఎమరీ కొట్టకముందే ఫొటో తీసి, అక్షరాల ఎత్తు, చోటు కొలిచి పెట్టుకోండి. పెయింట్ ఆరగానే నంబరు అదే చోట మళ్లీ రాయించాలి.

చివరి పొర వేశాక వారం రోజులు బోటును కదపొద్దు. ఆ తర్వాత అతుకులున్న చోట లోపల జానెడు లోతు మంచినీళ్లు పోసి, బయట అతుకు చుట్టూ పొడి సుద్దపొడి చల్లి పూటంతా వదలండి. సుద్ద ఎక్కడ తడిస్తే అక్కడ గుర్తు పెట్టుకుని, నీళ్లు తోడేసి, మళ్లీ ఆరబెట్టడం నుంచే మొదలుపెట్టాలి. తడవకపోతే మొదటి రెండు మూడు రోజులు తీరం దగ్గరే తిప్పి, ఒడ్డుకెక్కిన ప్రతిసారీ అతుకు అంచుల వెంట గోరు నడిపి చూడండి. గోరు చిక్కుకునే మెట్టు కొత్తగా కనిపిస్తే అతుకు లేవడం మొదలైనట్టే. అక్కడ మళ్లీ తట్టి చూసి సుద్ద గీయండి.